గాలి దిగిన విలాసం

పాత ఖరీదైన కార్లకు ఎయిర్ సస్పెన్షన్ బెడద

న్యూఢిల్లీ కరోల్‌బాగ్ ప్రాంతంలోని పాత కార్ల వ్యాపారుల ఆవరణలలో తెల్లవారుజామున తిరిగే వారికి ఒక దృశ్యం కంటబడుతుంది. ఒకప్పుడు కోటి రూపాయల దరిదాపుల్లో అమ్ముడైన విదేశీ కారు ముందు భాగం ఒక ప్రక్కకు వాలి, మడ్‌గార్డు టైరును ఆనుకుని, మోకాలు ముడిచిన ఒంటెలా పడి ఉంటుంది. పనివాడు వచ్చి ఇంజను స్టార్టు చేస్తాడు. కారు అడుగున ఎక్కడో ఒక చిన్న మోటారు గుర్రుమంటుంది. రెండు మూడు నిమిషాలలో ఆ కారు మెల్లగా లేచి నిటారుగా నిలబడుతుంది. బేరమాడవచ్చిన మనిషి పది గంటలకు ఆవరణలో అడుగుపెట్టే సరికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

ఆ రెండు మూడు నిమిషాల వెనుక ఉన్న సంగతి తెలియక లక్షల రూపాయలు పోగొట్టుకుంటున్న వారు దేశంలోని ప్రతి పెద్ద నగరంలోనూ ఉన్నారు. గుర్రుమన్న ఆ మోటారు పేరు ఎయిర్ కంప్రెసర్. రాత్రి కారు కుంగిపోవడానికి కారణం సాధారణంగా అది కాదు. అయినప్పటికీ మెకానిక్కులు ముందుగా మార్చేది దానినే. కుంగిన కారు మరమ్మతులో యజమానులకు కలిగే నష్టం తరచు ఈ పొరపాటు వద్దనే మొదలవుతుంది.

ఢిల్లీ నుండి దక్షిణాదికి

పాత విలాస కార్లు ఇంత విరివిగా చేతులు మారడానికి ఢిల్లీ కాలుష్యం ఒక ముఖ్య కారణం. పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు రాజధాని ప్రాంత రోడ్లపై తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015 ఏప్రిల్‌లో ఆదేశించింది. పదిహేనేళ్లు దాటిన వాహనాలపై అంతకు ముందు సంవత్సరమే ఆంక్ష వెలువడింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు ఈ ఆంక్షలను బలపరచింది. 2025 జూలై 1 నుండి కాలం చెల్లిన వాహనాలకు ఢిల్లీ బంకులలో ఇంధనం పోయరాదన్న నిబంధన అమలులోకి వచ్చి, ప్రజల నిరసన కారణంగా కొద్ది రోజులకే నిలిచిపోయింది. ఆ ఆగస్టులో అట్టి వాహనాల యజమానులపై కఠిన చర్యలు వద్దని సుప్రీంకోర్టు మధ్యంతర ఆదేశమిచ్చింది. వ్యవహారం ఆ తరువాత కూడా మలుపులు తిరిగింది.

కోర్టులలో వాదనలు ఎటు నడిచినా బజారు తన లెక్క తాను వేసుకున్నది. పదో ఏడు దగ్గరపడిన డీజిల్ కారును ఢిల్లీ యజమాని వదిలించుకోజూస్తాడు. నిరభ్యంతర పత్రంతో ఆ కారు మరొక రాష్ట్రానికి తరలుతుంది. హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, కొచ్చిలోనో కొనుగోలుదారు దానికి ఆ రాష్ట్రపు జీవితకాల పన్ను మరల చెల్లించి కొత్త నంబరు వేయించుకుంటాడు. ఆ ఖర్చు కలుపుకున్నా ఒక మాదిరి కొత్త చిన్నకారు ధరకే ఒకనాటి మంత్రులు, పారిశ్రామికవేత్తలు తిరిగిన కారు ఇంటి ముందు నిలుస్తుంది. ఆకర్షణ సహజమే. అయితే కారు ధర పదింట ఒక వంతుకు దిగినంత మాత్రాన దాని విడిభాగాల ధర దిగదు. కొత్తగా కోటి రూపాయలు పలికిన కారుకు తగిన ధరలోనే అవి ఎప్పటికీ ఉంటాయి. చవకగా వచ్చిన విలాసానికి అసలు పరీక్ష అక్కడే ఎదురవుతుంది.

ఇనుము స్థానంలో గాలి

సాధారణ కారు బరువును ఇనుప కాయిల్ స్ప్రింగులు మోస్తాయి. లారీలు, జీపుల క్రింద కమాను కట్టలు ఉంటాయి. ఎయిర్ సస్పెన్షన్ గల కారులో ఆ పని చేసేది ఒత్తిడితో నింపిన గాలి. ప్రతి చక్రం వద్ద పలుచని రబ్బరు తొడుగు ఒకటి ఉంటుంది. లోపల పోగుల అల్లికతో బలపరచిన ఆ తొడుగు క్రింది అంచు, ధోవతి కుచ్చిళ్లలా తనలోకి తాను మడిచి ఉంటుంది. చక్రం గుంతలో దిగినప్పుడు, ఎత్తు ఎక్కినప్పుడు ఆ మడత పైకి క్రిందికి జరుగుతుంది. మన మెకానిక్కుల వ్యవహారంలో దీని పేరు బెలూన్. కారు టైరులోని గాలికంటె చాలా ఎక్కువ ఒత్తిడి అందులో ఉంటుంది.

కంప్రెసర్ బయటి గాలిని పీల్చి, తేమను తీసివేసే గుళికల డబ్బా గుండా పంపుతుంది. ఏ చక్రానికి ఎంత గాలి పోవాలో కంట్రోలు యూనిట్ నిర్ణయిస్తే, వాల్వు బ్లాకు విడుదల చేస్తుంది. చక్రాల వద్ద అమర్చిన ఎత్తు సెన్సార్లు కంట్రోలు యూనిట్‌కు ఎప్పటికప్పుడు సమాచారం అందిస్తాయి. వెనుక సీటులో నలుగురు ఎక్కినా, డిక్కీ నిండా సామాను పెట్టినా కారు వెనుక భాగం దిగకుండా ఉండటానికి ఈ ఏర్పాటే కారణం. హైదరాబాదు నుండి బెంగుళూరుకు వోల్వో బస్సులో ప్రయాణించిన వారికి ఈ సుఖం కొత్త కాదు. 2001లో ఆ బస్సులు దేశంలో ప్రవేశించినప్పుడు ప్రయాణికులు ముందుగా చెప్పుకున్నది కుదుపు లేదన్న మాటే. వాటి క్రింద ఉన్నదీ గాలి బెలూన్లే.

ఈ ఏర్పాటు నేటిది కాదు, దాని జబ్బూ నేటిది కాదు. అమెరికాలో 1957లో వచ్చిన కాడిలాక్ ఎల్డొరాడో బ్రూమ్ కారుకు నాలుగు చక్రాల వద్దా గాలి స్ప్రింగులే ఉండేవి. ఆనాడు అమెరికాలోకెల్లా అత్యంత ఖరీదైన కార్లలో అది ఒకటి. గాలి కారిపోవడంతో విసిగి, ఆ కార్ల యజమానులలో అనేకులు వాటిని తీయించి ఇనుప స్ప్రింగులు వేయించుకున్నారు. మెర్సిడెస్ సంస్థ 1961లో తన 300 ఎస్‌ఈ కారుకు ఈ పద్ధతి అనుసరించింది. 1998లో విడుదలైన ఎస్ క్లాస్‌తో ఇది ఎలక్ట్రానిక్ నియంత్రణతో మళ్లీ విస్తృతంగా వచ్చింది. 2002 నాటి రేంజ్ రోవర్, 2003లో మార్కెట్‌కు వచ్చిన జాగ్వార్ ఎక్స్‌జె, ఆడి ఏ8 అదే దారి పట్టాయి. ఈ కార్లన్నీ ఇప్పుడు మన దేశపు పాత బజారులో ఉన్నాయి. రబ్బరు మాత్రం రబ్బరే. ఎండకు, దుమ్ముకు, వయసుకు దాని మడతలలో పగుళ్లు పడతాయి. ఐరోపా మంచులో పదేళ్లు నిలిచేది రాజస్థాన్ దుమ్ములో, మద్రాసు ఉక్కలో, మన స్పీడు బ్రేకర్ల మీద అంతకాలం నిలవకపోతే ఆశ్చర్యపడనక్కరలేదు.

హనుమకొండ మిత్రుని కథ

విద్యుత్ శాఖలో ఇంజనీరుగా పదవీ విరమణ చేసి హనుమకొండలో స్థిరపడిన ఒక పెద్దమనిషి ఈ వ్యాసకర్తకు చిరకాల మిత్రుడు. ఆయన భార్యకు వెన్నెముకకు శస్త్రచికిత్స జరిగింది. నెలకొకసారి హైదరాబాదు ఆస్పత్రికి వెళ్లిరావాలి. రానూపోనూ మూడు వందల కిలోమీటర్లు. చిన్నకారులో ఆమె కుదుపులకు తట్టుకోలేక, జనగామ దాటేసరికి కన్నీళ్లు పెట్టుకునేవారు. 2021లో ఆయన ఢిల్లీ నుండి వచ్చిన పదేళ్ల జర్మన్ సెడాన్‌ను పన్నుతో కలిపి పదకొండు లక్షలకు కొన్నారు. పదేళ్లు దాటిన బండికి బ్యాంకులు అప్పు ఇవ్వడానికి ముందుకు రాలేదు. సొమ్ము గ్రాట్యుటీ నుండి తీయవలసి వచ్చింది. ఇరుగుపొరుగు వారు వింతగా చూశారు. ఈ వయసులో ఈ హంగు దేనికని బంధువులు వెనుక అనుకున్నారు. కారణం ఆయన ఎవరికీ వివరించలేదు.

ఎనిమిది నెలలు సుఖంగా గడిచాయి. ఆ తరువాత ఒక వర్షాకాలపు ఉదయం ముందు ఎడమ చక్రం వైపు కారు నేలకు వంగి ఉన్నది. ఇంజను నడిపితే లేచింది. వారం రోజులకు లేవడం ఆలస్యమైంది. నెల తిరిగేసరికి తెరమీద ఎర్ర హెచ్చరిక వచ్చింది. అధీకృత సర్వీసు కేంద్రం వారు ముందు రెండు స్ట్రట్లు, కంప్రెసర్, వాల్వు బ్లాకు కలిపి ఐదు లక్షల ఎనభై వేలకు అంచనా ఇచ్చారు. కారు కొన్న ధరలో సగానికి పైమాటే. బీమా కంపెనీని అడిగితే, అరుగుదల వల్ల వచ్చే లోపాలు పాలసీ పరిధిలోకి రావని తేలింది. ఈ సంగతి పాలసీ కాగితంలోనే రాసి ఉంటుంది. చదివేవారు అరుదు.

ఆయన బయటి గ్యారేజీకి వెళ్లారు. స్కానరు తగిలించి, కంప్రెసర్ బలహీనపడిందని చెప్పి, అరవై రెండు వేలతో కొత్తది వేశారు. కారు ఠీవిగా లేచి నిలబడింది. నాలుగు నెలలకు ఆ కంప్రెసర్ కాలిపోయింది. ఈసారి ఇరవై ఎనిమిది వేలకు మరొక కారు నుండి తీసిన పాతది వేయించారు. అది రెండు నెలలు కూడా నిలవలేదు. ఆస్పత్రి ప్రయాణాలు మళ్లీ అద్దె కారులో సాగాయి.

మూడోసారి ఆయన హైదరాబాదులో ఒక వృద్ధ మిస్త్రీ వద్దకు చేరారు. ఆర్టీసీ గరుడ బస్సుల బెలూన్లతో ఏళ్ల తరబడి పని చేసిన అనుభవం ఆయనది. కథంతా విని, బానెట్ కూడా ఎత్తకుండా ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే. రాత్రి ఎంత దిగుతుందో ఎవరైనా కొలిచారా అని. ఎవరూ కొలవలేదు.

“కుండకు చిల్లి ఉంటే మోటర్ మారిస్తే నీళ్లు ఆగుతయా సార్? గాలి కారుతుంటే కంప్రెసర్ పాపం ఏం చేస్తది?” అన్నారాయన.

సబ్బు నీళ్ల పరీక్ష

మిస్త్రీ చెప్పిన పద్ధతికి స్కానరు అక్కరలేదు. టేపు చాలు. సమతలమైన చోట కారు నిలిపి, చక్రం మధ్య బిందువు నుండి మడ్‌గార్డు అంచు వరకు నాలుగు వైపులా ఎత్తు కొలిచి కాగితం మీద వేసుకోవాలి. తలుపులు తీయకుండా, తాళం తిప్పకుండా తెల్లవారి మళ్లీ కొలవాలి. కొన్ని కార్లు తాళం వేసిన తరువాత కూడా కొంతసేపటికి తమంతట తామే ఎత్తు సవరించుకుంటాయి. కనుక ఒక్క రాత్రి లెక్క చాలదు, మూడు రాత్రులు చూడాలి. చలికి గాలి సంకోచించి నాలుగు వైపులా సమానంగా కొద్ది మిల్లీమీటర్లు దిగితే అది దోషం కాదు.

ఒకే మూల దిగితే బెలూన్‌లోనో, దాని పైపు బిగింపు వద్దనో లీకు ఉన్నట్లు. ఒకసారి ఒక మూల, మరొకసారి ఇంకొక మూల, లేదా ముందు రెండు వైపులా కలిసి దిగుతుంటే వాల్వు బ్లాకును అనుమానించాలి. రాత్రంతా కదలకుండా నిలిచి, నడిపేటప్పుడు మాత్రమే లేవడానికి మొరాయిస్తే అప్పుడు కంప్రెసర్‌నో దాని రిలేనో చూడాలి. కారు నిలకడగా ఒక వైపు వంకరగా ఉండి, రాత్రి మరింత దిగకపోతే లీకే లేకపోవచ్చు. ఎత్తు సెన్సారుకు ఉండే చిన్న కడ్డీ విరిగినా కంట్రోలు యూనిట్ తప్పుడు లెక్కతో కారును వంచి నిలుపుతుంది. అది చాలా స్వల్ప ఖర్చుతో పోయే జబ్బు. దానికి కూడా స్ట్రట్లు మార్పించిన వారున్నారు.

మిత్రుని కారు మూడు రాత్రులలోనూ ముందు ఎడమ వైపు ఎనభై మిల్లీమీటర్లకు తగ్గకుండా దిగింది. కుడివైపు పది, పన్నెండు. వెనుక రెండూ చెక్కుచెదరలేదు. అప్పుడు కారును గరిష్ఠ ఎత్తుకు లేపి, శరీరం క్రింద ఇనుప స్టాండ్లు పెట్టి, దుమ్ము తొడుగు విప్పి రబ్బరు మడత మీద సబ్బు నీళ్లు చల్లారు. మడత పొడవునా వెంట్రుకవాసి పగుళ్ల నుండి నురగ పొంగింది. రెండు కంప్రెసర్లు ఎందుకు కాలిపోయాయో ఆ నురగ చెప్పింది. కారే గాలిని భర్తీ చేయడానికి మోటారు తెరిపి లేకుండా నడిచి వేడెక్కింది. దాని రిలేలోని కాంటాక్టులు అతుక్కుపోయి, కారు ఆపిన తరువాత కూడా ఆగలేదు. తేమ పీల్చే గుళికలు వానాకాలంలో తడిసి పిండిగా మారాయి. ఆ తేమ వాల్వులలోకి చేరి ఉంటే మరొక పెద్ద ఖర్చు తప్పేది కాదు. అది చేరకపోవడం అదృష్టమే.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. గాలి మీద నిలిచిన కారు ఏ క్షణాన్నయినా కుప్పకూలవచ్చు. జాకీ పెట్టినంత మాత్రాన చాలదు. జాకీతో ఎత్తగానే తన ఎత్తు మారిందనుకుని కంట్రోలు యూనిట్ గాలి వదిలే ప్రమాదమున్నది. అందుకే అనేక కార్లలో మరమ్మతు సమయానికి ప్రత్యేక జాకీ మోడ్ ఉంటుంది. స్టాండ్లు లేకుండా అడుగుకు దూరిన వారు ప్రాణాలకు తెగించినట్లే. అదే విధంగా పూర్తిగా గాలి దిగిన బెలూన్‌తో కారును నడిపితే మడత నలిగి రబ్బరు పూర్తిగా చిరుగుతుంది. అట్టి కారును పూర్తిగా వేదిక మీదికెక్కించే టోయింగ్ లారీలోనే తరలించాలి.

అసలు భాగమా, మరమ్మతు భాగమా?

లీకు ఎక్కడో తెలిసిన తరువాత యజమాని ముందు మూడు దారులుంటాయి. కారు తయారీదారు ముద్రతో వచ్చే కొత్త స్ట్రట్ మొదటిది. మోడలును బట్టి ఒక్కొక్కటి లక్ష రూపాయలు దాటడం మామూలే. రెండవది విదేశాలలో విడిగా తయారై దిగుమతి అయ్యే భాగం. ఇది అందులో సగానికో అంతకు తక్కువకో దొరుకుతుంది. జర్మనీ, అమెరికాలలో పేరున్న తయారీదారులున్నారు. ఏ పేరూ లేని చవక సరుకు కూడా అదే పెట్టెలో అమ్ముడవుతుంది. కొనేవారు బిల్లు, గ్యారంటీ అడిగి తీసుకోవడం మంచిది. మూడవది పాత స్ట్రట్‌ను విప్పి, కొత్త రబ్బరు తొడుగు ఎక్కించి, లోహపు రింగులను యంత్రంతో నొక్కి బిగించడం. ఢిల్లీ, ముంబయి, బెంగుళూరు, హైదరాబాదులలో ఈ పని చేసేవారున్నారు. అందులో మెలకువంతా రింగు బిగింపులో ఉన్నది. వదులైతే ఊడుతుంది, మితిమీరితే రబ్బరును కోస్తుంది. లోపలి షాక్ అబ్జార్బర్ నూనె కార్చని స్థితిలో ఉంటేనే ఈ మార్గం సార్థకం.

పాత బజార్ల సంగతి వేరు. ఢిల్లీలో మాయాపురి, కశ్మీరీ గేటు, మద్రాసులో పుదుప్పేట, కలకత్తాలో మల్లిక్ బజార్ వంటి చోట్ల విప్పిన కార్ల భాగాలు దొరుకుతాయి. మీరట్‌లోని సోతీగంజ్ కూడా ఒకప్పుడు అట్టి ప్రసిద్ధ స్థలమే. దొంగిలించిన వాహనాలను విప్పి అమ్ముతున్నారన్న అభియోగాలపై 2021 డిసెంబరులో పోలీసులు ఆ దుకాణాలను మూయించారు. దొంగ సరుకు భయం అటుంచినా, పాత కారు నుండి తీసిన పాత రబ్బరు కొనడంలో అర్థం లేదు. దాని వయసూ మన రబ్బరు వయసూ ఒకటే. ఇనుప బ్రాకెట్టు, సెన్సారు కడ్డీ వంటివైతే తెచ్చుకోవచ్చు.

అసలు ధరలు ఇంత ఎత్తున ఎందుకున్నాయన్న ప్రశ్న ఒకసారి ఢిల్లీలో గట్టిగానే చర్చకు వచ్చింది. విడిభాగాలు, మరమ్మతు సమాచారం బయటి గ్యారేజీలకు అందకుండా కార్ల కంపెనీలు కట్టడి చేస్తున్నాయని 2011లో ఒక వినియోగదారుడు కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. విచారణానంతరం 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. మారుతి, టాటాలతో పాటు మెర్సిడెస్ బెంజ్, బీఎండబ్ల్యూ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. విడిభాగాలను, పరీక్షా పరికరాలను, మరమ్మతు పుస్తకాలను బజారులో అందుబాటులో ఉంచాలని ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. జరిమానా మాట ఎట్లున్నా, ఆ ఉత్తరువు వెలువడిన పుష్కర కాలంలో బయటి మెకానిక్కు చేతికి వచ్చినదేమిటని అడిగితే సమాధానం నిరుత్సాహంగానే ఉంటుంది. కొత్త ఎయిర్ స్ట్రట్ బిగించిన తరువాత ఎత్తు లెక్కలు కంట్రోలు యూనిట్‌లో మళ్లీ సరిచేయాలి. దానికి కావలసిన సాఫ్ట్‌వేర్ కొనలేక దొంగ కాపీలతో నెట్టుకొస్తున్న గ్యారేజీలు అనేకం.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కుపై ఒక సంఘాన్ని నియమించి, ఆ డిసెంబరులో పోర్టల్ ప్రారంభించింది. మోటారు వాహనాలు కూడా దాని పరిధిలో చేర్చిన రంగాలలో ఒకటి. కంపెనీలు తమ సర్వీసు వివరాలు అందులో ఉంచడానికి పిలుపు ఇచ్చారు. పిలుపునకు, చట్టానికి తేడా ఉన్నది. పన్నుల విషయంలో మాత్రం కొంత ఊరట లభించింది. 2025 సెప్టెంబరు 22 నుండి మోటారు విడిభాగాలన్నిటికీ జీఎస్టీ 18 శాతంగా ఏకరీతి చేశారు. అంతకు ముందు వీటిలో అనేక భాగాలకు 28 శాతం ఉండేది.

ఇనుప స్ప్రింగులు వేయిస్తే?

మిస్త్రీ ఇంకొక దారి కూడా చెప్పారు. బెలూన్లు, కంప్రెసర్ అన్నీ తీసివేసి నాలుగు వైపులా ఇనుప కాయిల్ స్ప్రింగులు వేయించడం. 1950 దశకపు అమెరికన్ యజమానులు చేసిన పనే. కొత్త గాలి భాగాలకంటె ఖర్చు తక్కువ, మళ్లీ గాలి దిగుతుందన్న చింత ఉండదు. కారు అమ్మేద్దామనుకునే వారికి, సొంతంగా నడుపుకునే కుర్రకారుకు ఇది నచ్చవచ్చు. కష్టాలూ ఉన్నాయి. కంట్రోలు యూనిట్‌ను మభ్యపెట్టకపోతే హెచ్చరిక దీపం ఆరదు. బరువు పెరిగితే వెనుక భాగం దిగుతుంది. కారు బరువుకు సరితూగని స్ప్రింగు వేస్తే మలుపులలో పట్టు తగ్గుతుంది. వాహన నిర్మాణంలో మార్పులపై మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను పరిమితులు విధించినందున, ముందుగా రవాణా కార్యాలయంలో విచారించి, బీమా కంపెనీకి లిఖితపూర్వకంగా తెలియజేయడం క్షేమం. ప్రమాదం జరిగిన తరువాత ఈ సంగతి బయటపడితే క్లెయిము చిక్కులలో పడుతుంది.

మా మిత్రుడు ఆ రాత్రి చాలాసేపు లెక్క వేసుకున్నారు. అప్పటికే తొంభై వేలు రెండు కంప్రెసర్ల పాలయ్యాయి. ఇనుప స్ప్రింగులు వేయిస్తే సమస్య శాశ్వతంగా తీరుతుంది, కానీ ఏ కుదుపు తప్పించడానికి ఆ కారు కొన్నారో ఆ కుదుపు తిరిగి వస్తుంది. చివరకు ముందు రెండు స్ట్రట్లకూ కొత్త రబ్బరు వేయించడానికే నిశ్చయించారు. కుడిది ఇంకా పూర్తిగా చెడలేదు, అయినా ఇరుసుకు రెండు వైపులా ఒకే వయసు రబ్బరు ఉంటేనే మంచిదని మిస్త్రీ సలహా. కాలిపోయిన కంప్రెసర్లలో మొదటిదాని మోటారు ఇంకా పనికి వస్తుందని తేలడంతో దానికి కొత్త పిస్టన్ రింగు, కొత్త గుళికలు, కొత్త రిలే వేశారు. అన్నీ కలిపి ఒక లక్షా పదివేలు అయింది. సర్వీసు కేంద్రపు అంచనాలో ఐదో వంతు. వాల్వు బ్లాకు ముట్టుకోవలసిన అవసరమే రాలేదు.

కొనదలచిన వారికి ఆయన ఇప్పుడు చెప్పే మాటలు కొన్ని ఉన్నాయి. కారు చూడటానికి చెప్పిన వేళకు కాక తెల్లవారకముందే వెళ్లాలి. తాము వచ్చేవరకు ఇంజను ముట్టుకోవద్దని ముందు రోజే వ్యాపారికి చెప్పాలి. బానెట్ మీద చేయి వేసి చూస్తే వెచ్చగా ఉంటే ఎవరో అప్పటికే లేపి నిలబెట్టారన్నమాట. నాలుగు మూలలా టేపు పెట్టాలి. గరిష్ఠ ఎత్తుకు లేపమని అడిగి ఎంతసేపు పడుతుందో గడియారం చూడాలి. లేచిన తరువాత కూడా మోటారు చప్పుడు ఆగకపోతే ఆ కారు ధరలో రెండు స్ట్రట్లు, ఒక కంప్రెసర్ తగ్గించి బేరమాడాలి, లేదా నమస్కారం పెట్టి వచ్చేయాలి.

ఆ మరమ్మతు జరిగి మూడేళ్లు దాటింది. ఆస్పత్రి ప్రయాణాలు ఇప్పుడు రెండు నెలలకొకసారి. జనగామ వద్ద ఆమె నిద్రపోతున్నారట. ఆయన మాత్రం ప్రతి ఆదివారం ఉదయం టేపుతో కారు చుట్టూ తిరిగి, నాలుగు అంకెలు ఒక పాత విద్యుత్ శాఖ డైరీలో వేసుకుంటారు. మొన్న చూపించారు. వెనుక కుడి వైపు రాత్రికి ఆరు మిల్లీమీటర్లు దిగుతున్నది. మిస్త్రీకి ఫోను చేశారు, తొందర లేదు గాని వచ్చే వానాకాలంలోగా తీసుకురమ్మన్నారు.